తూటాకీ అంబులెన్సుకీ మధ్య

2025 ఫిబ్రవరి 1, శనివారం సాయంత్రం. దొంగతనం కేసుల్లో ఎంతోకాలంగా వెతుకుతున్న ఒక నిందితుడు గచ్చిబౌలిలోని ఒక పబ్‌కు వస్తున్నాడని సైబరాబాద్ సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) పోలీసులకు ఉప్పందింది. మఫ్టీలో వెళ్లి కాపు కాశారు. పట్టుకోబోయేసరికి అతను తుపాకీ తీసి కాల్చాడు. ఒక హెడ్ కానిస్టేబుల్ కాల్లో తూటా దిగింది. అయినా అతన్ని వదల్లేదు, అక్కడికక్కడే పట్టుకున్నారు.

ఆ వార్తలో చాలామందికి గుర్తుండిపోయింది నిందితుడి పాత కేసులు, అతని దగ్గర దొరికిన తుపాకులు. నేను మాత్రం ‘కాలికి తూటా’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. కాలికే కదా, ప్రాణానికి ఢోకా లేదు అనుకుంటాం. శరీరం లెక్క వేరు. తొడ లోపలి వైపు నుంచి పెన్సిలంత లావు ధమని ఒకటి కిందికి దిగుతుంది. 70 కిలోల మనిషి ఒంట్లో రక్తం మొత్తం కలిపితే సుమారు 5 లీటర్లు. ఆ ధమని పూర్తిగా తెగితే, పెద్ద కూల్‌డ్రింక్ సీసా పట్టేంత, అంటే 2 లీటర్ల రక్తం పోవడానికి కొన్ని నిమిషాలు చాలు. మూడు నుంచి అయిదు నిమిషాల్లో మనిషి చనిపోవచ్చు. అదే తూటా అంగుళం పక్కకు పోతే కండలోంచి దూసుకెళ్తుంది, ఆపరేషన్‌తో, కుట్లతో గండం గడుస్తుంది. ఆ అంగుళం ఎటు పడుతుందన్నది ఎవరి చేతిలోనూ ఉండదు. తర్వాతి మూడు నిమిషాలు మాత్రం పక్కనున్న ఎవరో ఒకరి చేతిలో ఉంటాయి.

ఆ మూడు నిమిషాల కోసమే వైద్యంలో ఒక శాఖ పుట్టింది. ఇంగ్లీషు పేరుతోనే పిలుస్తున్నారు: టాక్టికల్ మెడిసిన్. అది చేసేవాళ్లు టాక్టికల్ మెడిక్‌లు. పోలీసు బృందంతో పాటే బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ తొడుక్కుని, తలుపు బద్దలుకొట్టే వరసలో తామూ నిలబడి, కాల్పులు జరుగుతున్న చోటే చికిత్స మొదలుపెట్టేవాళ్లు.

గచ్చిబౌలి లాంటి ఐటీ కారిడార్‌లో ఇలాంటివాళ్ల అవసరం ఏముంది అనిపించవచ్చు. ఏఐజీ, కాంటినెంటల్, కేర్, యశోద, మెడికవర్, కొండాపూర్ ప్రభుత్వ ఆస్పత్రి. పది కిలోమీటర్ల చుట్టులోనే ఇన్ని ఆస్పత్రులున్నాయి. పైగా ఒక్క నంబరు కొడితే అంబులెన్సు రావాలన్న ఆలోచన 108 పేరుతో 2005 ఆగస్టు 15న మొదలైంది హైదరాబాద్‌లోనే. సాయంత్రం లాగౌట్ వేళ బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర సైరన్ వేసుకుని కూడా కదల్లేని అంబులెన్సును చూసినవాళ్లు ట్రాఫిక్కే అసలు అడ్డంకి అంటారు. నిజమే, కానీ దాన్ని దారి ఖాళీ చేయించే గ్రీన్ ఛానల్‌తో దాటొచ్చు. అవయవాలు తరలించేటప్పుడు మన ట్రాఫిక్ పోలీసులు ఎన్నోసార్లు చేసి చూపించారు. 2025 జనవరి 17న ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు దాత గుండెను మెట్రో రైల్లో 13 నిమిషాల్లో చేర్చిన ఊరు ఇది.

గ్రీన్ ఛానల్‌తో కూడా దాటలేనిది ఇంకొకటి ఉంది. ఎనిమిదో అంతస్తులో కాల్పులు జరుగుతున్నాయనుకోండి. 108 వస్తుంది, పోలీసు బందోబస్తు గీత దగ్గర ఆగుతుంది. పైలట్ (డ్రైవరు), ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు) ఇద్దరూ స్ట్రెచర్ దించుకుని సిద్ధంగా నిలబడతారు. లోపలికి మాత్రం వెళ్లరు, వెళ్లకూడదు. ఒంటి మీద రక్షణ కవచం లేని వైద్య సిబ్బంది లోపలికి పోతే గాయపడ్డవాళ్ల లెక్క పెరుగుతుంది తప్ప తగ్గదు. ప్రపంచమంతటా అంబులెన్సు సిబ్బందికి నేర్పే మొదటి పాఠం ఇదే: చోటు సురక్షితమని తేలాకే అడుగుపెట్టాలి. ఆస్పత్రి రెండు కిలోమీటర్లలో ఉంది, అంబులెన్సు వంద అడుగుల్లో ఉంది, రక్తం మాత్రం పైన పోతూనే ఉంది.

ఈ ఖాళీ ఎంత ఘోరమైనదో 1999 ఏప్రిల్ 20న అమెరికాలోని కొలంబైన్ హైస్కూల్లో తెలిసింది. ఇద్దరు విద్యార్థులు జరిపిన కాల్పుల్లో గాయపడ్డ ఒక ఉపాధ్యాయుణ్ని పిల్లలు ఒక గదిలోకి చేర్చారు. ఒంటిమీది చొక్కాలు విప్పి గాయాలకు అదిమిపెట్టారు. ఇక్కడ ఒకరు రక్తం పోయి చనిపోతున్నారని బోర్డు మీద రాసి కిటికీలో పెట్టారు. బయట పోలీసులున్నారు, అంబులెన్సులున్నాయి. సాయం ఆ గదికి చేరడానికి మూడు గంటలకు పైగా పట్టింది. అప్పటికి ఆయన దక్కే దశ దాటిపోయింది. అప్పటి పోలీసు పద్ధతి ప్రకారం ముందు చుట్టుముట్టాలి, భవనమంతా గాలించాలి, ఆ తర్వాతే వైద్యం. కొలంబైన్ తర్వాత ఆ వరస మారడం మొదలైంది.

వైద్యం వైపు నుంచి మార్పు అంతకుముందే వచ్చింది. 1996లో ఫ్రాంక్ బట్లర్ అనే అమెరికన్ నౌకాదళ వైద్యుడు, మరో ఇద్దరు కలిసి ఒక వ్యాసం రాశారు. వాళ్లు ఎత్తిచూపింది చిన్న విషయం. సైనిక మెడిక్‌లకు నేర్పుతున్న పద్ధతులన్నీ రోడ్డు ప్రమాదాల కోసం తయారైనవి. తూటాలు ఎగురుతుంటే మెడ కదలకుండా కాలర్ వేయడం, సెలైన్ ఎక్కించడం, గుండె ఆగినవాడి ఛాతీ నొక్కుతూ కూర్చోవడం జరిగే పనులు కావు. వియత్నాం యుద్ధంలో సుమారు 2,500 మంది అమెరికన్ సైనికులు చేతికో కాలికో తగిలిన గాయం నుంచి రక్తం పోయి చనిపోయారని లెక్కలు చెబుతున్నాయి. ఒక పట్టీ బిగించి కడితే ఆగిపోయే మరణాలవి.

ఆ ఆలోచనలోంచే మూడు దశల పద్ధతి వచ్చింది. పోలీసులు ఆ దశలను వేడి, గోరువెచ్చని, చల్లని మండలాలు అంటారు. వేడి మండలంలో, అంటే నేరుగా తూటా తగిలే చోట, వైద్యం దాదాపు ఉండదు. ఎదుటి తుపాకీ ఆగేలా చేయడమే అక్కడ మొదటి చికిత్స. గాయపడ్డవాడు తనంతట తాను గోడ చాటుకు పాకగలిగితే పాకాలి, రక్తం ఆపే పట్టీని, అంటే తన టోర్నికెట్‌ను, తానే కట్టుకోవాలి. మెడిక్ అటువైపు గోడ వెనక నుంచి అరిచి చెబుతాడు. అంతకు మించి అక్కడ ఏం చేయబోయినా ఇంకొకరు నేలకొరుగుతారు.

‘మేజర్’ సినిమా చూసిన తెలుగువాళ్లకు ఈ చిక్కు తెలిసే ఉంటుంది. 2008 నవంబర్‌లో ముంబై తాజ్ హోటల్లో ఉగ్రవాదులతో పోరులో ఎన్ఎస్‌జీ (జాతీయ భద్రతా దళం) మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ బృందంలో ఒక కమాండోకు తూటాలు తగిలాయి. అతన్ని బయటికి తరలించే ఏర్పాటు చేసి, సందీప్ ముష్కరుల వెంట ఒంటరిగా ముందుకు వెళ్లాడు, అక్కడే నేలకొరిగాడు. ఒక మనిషి గాయపడితే బృందంలో తగ్గేది ఒకరు కాదు. మోసుకెళ్లేందుకు ఇద్దరు, వాళ్లకు కాపలాగా ఇంకొకరు పోతారు. మెడిక్‌ను బృందంలోనే పెట్టడానికి ఇదొక కారణం. ఆ మరుసటి ఏడాదే, 2009లో, ఎన్ఎస్‌జీ ప్రాంతీయ కేంద్రాలు ముంబై, చెన్నై, కోల్‌కతాలతో పాటు హైదరాబాద్‌కూ వచ్చాయి. ఉగ్రవాదుల్ని ఎదుర్కోవడానికి మనకంటూ ఆక్టోపస్ దళం 2007లోనే ఏర్పడింది.

గోరువెచ్చని మండలంలో అసలు పని మొదలవుతుంది. తూటా నేరుగా రాని చోటు, కానీ ముప్పు పూర్తిగా పోని చోటు. మెట్ల మలుపు, లిఫ్టు లాబీ, పక్క గది. ఇక్కడ మెడిక్ పాటించే వరస మనం స్కూల్లో నేర్చుకున్న ప్రథమ చికిత్సకు తలకిందులుగా ఉంటుంది. ఊపిరి ఆడుతోందా అన్నది రెండో ప్రశ్న. ముందు చూడాల్సింది ధారగా పోతున్న రక్తం. తర్వాత గొంతు, తర్వాత ఛాతీ, నాడి, చివరికి ఒంటి వేడి. గాలి అందకపోయినా మెదడు కొన్ని నిమిషాలు ఓర్చుకుంటుంది. ధమని తెగితే ఆ కొన్ని నిమిషాలూ మిగలవు.

టోర్నికెట్‌ను దగ్గరగా చూద్దాం. అరచేతిలో మడిచి పెట్టుకోగలిగేంత నల్లని నైలాన్ పట్టీ. ఒకటిన్నర అంగుళాల వెడల్పు. మధ్యలో వేలెడంత గట్టి పుల్ల, దాన్ని ఇరికించడానికి ఒక కొక్కెం. గాయానికి రెండు మూడు అంగుళాల పైన చుట్టి, ముందు పట్టీని చేత్తోనే ఎంత లాగగలిగితే అంత లాగాలి. వదులు ఇక్కడే పోవాలి. తర్వాత పుల్ల తిప్పాలి. ఒక చుట్టు, రెండు, మూడు. గాయపడ్డవాడు ఇక్కడ అరుస్తాడు. గాయం కన్నా ఇది ఎక్కువ నొప్పి పుట్టిస్తుంది. కొత్తవాళ్లు ఆ అరుపు విని చెయ్యి వదిలేస్తారు. రక్తం ఆగేదాకా, పాదం దగ్గర నాడి అందకుండా పోయేదాకా తిప్పి, పుల్లను కొక్కెంలో ఇరికించి, దాని మీద టైము రాయాలి. సగం బిగిస్తే ఏమీ కట్టకపోవడం కన్నా ప్రమాదం: లోతున ఉన్న ధమనిలో రక్తం దిగుతూనే ఉంటుంది, పైకి తిరిగొచ్చే సిరలు మాత్రం మూసుకుపోతాయి, గాయం మరింత పొంగుతుంది. చేతి రుమాలు, సెల్ ఛార్జర్ వైరు కట్టినప్పుడు జరిగేది సాధారణంగా ఇదే.

గట్టిగా కడితే కాలు తీసేయాల్సి వస్తుందన్న భయం డాక్టర్లలో కూడా చాలాకాలం ఉండేది. పాత యుద్ధాల్లో కట్టి గంటల తరబడి వదిలేయడం వల్ల వచ్చిన భయం అది. బాగ్దాద్‌లోని అమెరికన్ సైనిక ఆస్పత్రిలో జాన్ క్రాగ్ అనే శస్త్రవైద్యుడు 232 మందికి కట్టిన 428 టోర్నికెట్‌లను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. టోర్నికెట్ ఒక్కదాని వల్లే చెయ్యో కాలో పోయినవారు ఒక్కరూ లేరు. మరుసటి ఏడాది ఆయన బృందం చెప్పిన లెక్క ఇంకా గట్టిది. మనిషి షాక్‌లోకి జారకముందే కడితే 90 శాతం మంది బతికారు, జారాక కడితే 10 శాతం. రెండు గంటల లోపు విప్పితే కాలికి భయం లేదన్నది ఇప్పుడు స్థిరపడిన మాట. సైబరాబాద్‌లో ఎంత ట్రాఫిక్ ఉన్నా ఆ రెండు గంటల్లో ఆస్పత్రికి చేరడం కష్టం కాదు.

ఈ షాక్‌లో ఒక మోసం ఉంది. వయసులో ఉన్న, వ్యాయామం చేసిన శరీరం దాదాపు మూడో వంతు రక్తం పోయేదాకా పైకి తొణకదు. గుండె వేగం పెంచుకుంటుంది, చర్మానికీ కాళ్లూ చేతులకూ రక్తం తగ్గించి మెదడుకు పంపుతుంది. ‘నాకేం కాలేదు, వాణ్ని పట్టుకోండి’ అని అరుస్తున్న కానిస్టేబుల్ పది నిమిషాల తర్వాత ఒక్కసారిగా కూలబడతాడు. అందుకే మెడిక్ బీపీ యంత్రం కోసం వెతుక్కోడు. చీకట్లో, చేతికి గ్లవ్స్‌తోనే చూడగలిగినవి రెండు: మణికట్టు దగ్గర నాడి అందుతోందా, అడిగినదానికి పొంతనగా జవాబిస్తున్నాడా. రెండోది తేడా వస్తే మెడిక్ వెంటనే చేసే పని బయటివాళ్లకు వింతగా ఉంటుంది. అతని తుపాకీ తీసేసుకుంటాడు. మెదడుకు రక్తం అందని మనిషి సాటి పోలీసును శత్రువనుకోవచ్చు.

గజ్జల్లో, చంకలో తగిలిన గాయానికి పట్టీ పనిచేయదు, కట్టడానికి చోటు లేదు. అక్కడ గాజుగుడ్డను వేళ్లతో గాయం లోపలికి, రక్తం ఎక్కడినుంచి వస్తోందో అక్కడిదాకా కుక్కి, మూడు నిమిషాలు ఒంటి బరువంతా వేసి అదమాలి. ఆ గుడ్డకు ఇప్పుడు రక్తం గడ్డకట్టించే పదార్థాలు అద్దుతున్నారు. వాటిలో ఒకటి కైటోసాన్, రొయ్యల పెంకుల నుంచి తీస్తారు. దానికి ధన విద్యుదావేశం, ఎర్ర రక్తకణాల పైపొరకు రుణావేశం, రెండూ అతుక్కుని గాయానికి బిరడాలా పడతాయి. రొయ్యల సాగులో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. భీమవరం చెరువుల గట్ల మీద పెరిగినవాళ్లకు ఈ పెంకులు కొత్తవి కావు. ఇలాంటి పట్టీలు మన దేశంలోనూ తయారవుతున్నాయి.

ఇక ట్రానెక్సామిక్ ఆమ్లం. నెలసరిలో అధిక రక్తస్రావానికి మన ఇళ్లలో ఆడవాళ్లు వేసుకునే మాత్రలోని మందే. ఏర్పడిన రక్తపు గడ్డ కరిగిపోకుండా కాపాడుతుంది. భారత్ సహా 40 దేశాల్లో 20,000 మందికి పైగా క్షతగాత్రుల మీద చేసిన క్రాష్-2 పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. మరణాలు 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గాయి. చిన్న తేడాలా కనిపిస్తుంది. వంద మంది మీద ఒకటిన్నర ప్రాణం, అదీ చవకైన ఇంజెక్షన్‌తో. షరతు ఒక్కటే: మూడు గంటల్లోపు ఇవ్వాలి. దాటితే మేలు లేకపోగా కీడు జరగవచ్చు.

ఒంటి వేడి సంగతి ఐటీ భవనాల్లో ప్రత్యేకంగా పట్టించుకోవాలి. మే నెల ఎండలో చలి గురించి మాట్లాడటం విడ్డూరంగా ఉండొచ్చు. సెంట్రల్ ఏసీ, పాలిష్ పట్టిన గ్రానైట్ నేల, దాని మీద రక్తంతో తడిసిన బట్టల్లో పడుకున్న మనిషి. రక్తం పోయిన శరీరం వేడి పుట్టించుకోలేదు. ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి పోతే గడ్డకట్టించే ఎంజైములు మందగిస్తాయి. గడ్డకట్టకపోతే ఇంకా రక్తం పోతుంది, రక్తంలో ఆమ్లత పెరుగుతుంది, ఆ ఆమ్లత వల్ల గడ్డకట్టడం మరింత తగ్గుతుంది. శస్త్రవైద్యులు ఈ విషవలయాన్ని మృత్యుత్రయం అంటారు. గాయపడ్డవాడి కింద ఒక దుప్పటి, పైన ఒక రేకు షీటు వేస్తే ఆ వలయం తిరగడం నెమ్మదిస్తుంది.

అదే మే నెలలో భవనం బయట లెక్క తిరగబడుతుంది. పది కిలోల జాకెట్, హెల్మెట్ పెట్టుకుని నాలుగు గంటలు కాపు కాసిన పోలీసుకు తూటా కన్నా వడదెబ్బ తగిలే అవకాశమే ఎక్కువ. నిజానికి టాక్టికల్ మెడిక్ రోజువారీ పనిలో ఎక్కువ భాగం ఇదే: నీళ్లు తాగించడం, మడమ బెణికినవాడికి కట్టు, గాజు ముక్క గుచ్చుకున్న చెయ్యి, పోలీసు జాగిలం కాలికి గాయం. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మాట తడబడితే, అంబులెన్సు కోసం ఆగకుండా అక్కడే చల్లటి నీళ్లతో తడిపి అరగంటలో వేడి దించాలి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం.

పద్ధతి ఎంతవరకు పనిచేస్తుందో పారిస్ చూపించింది. 2015 నవంబర్ 13 రాత్రి బాటాక్లాన్ సంగీతశాలలో 90 మంది చనిపోయారు. ఫ్రెంచి పోలీసు ప్రత్యేక దళాల్లో డాక్టర్లు సభ్యులుగానే ఉంటారు. ఉగ్రవాదులు పై అంతస్తులో బందీలను పట్టుకుని ఉండగానే ఆ డాక్టర్లు కింది హాల్లోకి వెళ్లి, బతికే అవకాశమున్నవాళ్లను ఏరి, కట్లు కట్టి బయటికి పంపారు. చివరి దాడి జరిగింది ఆ తర్వాత.

మన దగ్గర ఈ అనుభవం అడవి నుంచి వచ్చింది. మావోయిస్టుల్ని ఎదుర్కోవడానికి 1989లో కె.ఎస్.వ్యాస్ ఏర్పాటుచేసిన గ్రేహౌండ్స్ దళం దశాబ్దాలుగా మందుపాతరలు, మెరుపుదాడుల మధ్య పనిచేసింది. 2025 మే 8న ములుగు జిల్లా వాజేడు ప్రాంతంలో మందుపాతర పేలి ముగ్గురు గ్రేహౌండ్స్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. అడవిలో సమస్య దూరం. ఆస్పత్రికి గంటలు, హెలికాప్టర్ దిగడానికి చోటు వెతకాలి. ఇరుకుదారుల కోసం సీఆర్‌పీఎఫ్, డీఆర్‌డీవో కలిసి 2021లో ‘రక్షిత’ అనే బైక్ అంబులెన్సును తెచ్చాయి. సైబరాబాద్‌లో సమస్య ఎత్తు, గాజు, జనం. కార్డు గీకితే గాని తెరుచుకోని తలుపులు, అగ్నిమాపక అలారం మోగగానే ఆగిపోయే లిఫ్టులు, ఒకే మెట్లదారిలో కిందికి పరుగెత్తే వేలమంది. వాళ్లకు ఎదురుగా స్ట్రెచర్ పైకి ఎక్కదు. అందుకే మోయడానికి నాలుగు మూలలా పిడులున్న మడత గుడ్డ వాడతారు. ఏ మెట్లదారి జనానికి, ఏది పోలీసులకు అన్నది ముందే తేల్చుకోవాలి. ఈ పని ఆ రోజు కాదు, భవనం మేనేజర్లూ పోలీసులూ కలిసి కూర్చునే మామూలు రోజున జరగాలి. 2006 నుంచి పోలీసులనూ ఐటీ సంస్థలనూ ఒకచోట కూర్చోబెడుతున్న సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ లాంటి వేదిక ఇక్కడ ఉండటం మన అదృష్టం.

ఇంకో మాట తప్పక చెప్పాలి. మెడిక్ ముందు పడి ఉన్న మనిషి పోలీసును కాల్చినవాడే కావచ్చు. ఆయుధం తీసేసి, బేడీలు వేశాక అతనూ క్షతగాత్రుడే. చికిత్సలో వరస గాయం తీవ్రతను బట్టే. ఇది దయాదాక్షిణ్యాల సంగతి కాదు, చట్టం. ఎన్‌కౌంటర్ల విషయంలో పీయూసీఎల్ కేసులో 2014 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో గాయపడ్డ నిందితుడికి వైద్యం అందించాలన్నది స్పష్టంగా ఉంది. ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన సూత్రాలూ అదే చెబుతున్నాయి. తన సహచరుణ్ని కాల్చినవాడి తొడకు పట్టీ బిగించడం తేలిక కాదు. అందుకే అది శిక్షణలో భాగం కావాలి, ఆ క్షణానికి వదిలేయకూడదు.

గచ్చిబౌలి సంఘటనకు తిరిగి వస్తే నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. ఆ సాయంత్రం తూటా తగిలింది కమాండోకు కాదు, మఫ్టీలో ఉన్న హెడ్ కానిస్టేబుల్‌కు. మన నగరంలో పోలీసులు ప్రమాదంలోకి అడుగుపెట్టేది ఎక్కువగా ఇలాగే. సీసీఎస్ నుంచో ఎస్ఓటీ (స్పెషల్ ఆపరేషన్స్ టీమ్) నుంచో ముగ్గురు నలుగురు, ఒక రహస్య సమాచారం, ఒక ప్రైవేటు కారు. ఆ కార్లో డాక్టరు ఉండడు. కాబట్టి ఆ నలుగురే మెడిక్‌లు కావాలి. అమెరికా సైన్యంలోని 75వ రేంజర్ రెజిమెంట్ వంటవాడితో సహా అందరికీ ఈ పని నేర్పింది. 2001 నుంచి 2010 వరకు వాళ్లలో 419 మంది గాయపడితే 32 మంది చనిపోయారు. ఆస్పత్రికి చేరేలోపు ఆపగలిగి ఉండీ ఆపలేకపోయిన మరణం అందులో ఒక్కటీ లేదు. అదే దశాబ్దంలో అమెరికా సైన్యం మొత్తంలో, ఆస్పత్రికి చేరకముందే జరిగిన మరణాల్లో దాదాపు నాలుగో వంతు తప్పించదగినవని తేలింది.

మఫ్టీ చొక్కా కింద దాచుకునే పిస్టల్ పక్కన ఒక పట్టీ పట్టనంత ఇరుకేం కాదు. ఎడమ చేత్తోనూ కుడి చేత్తోనూ అందేలా, నడుముకు మధ్యలో పెట్టుకోవాలి. ఎందుకంటే ఒక చెయ్యి పనిచేయకపోవచ్చు. పోలీసులకే కాదు, ప్రతి ఐటీ టవర్ రిసెప్షన్ దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డుకూ, పబ్ గుమ్మంలో నిలబడే బౌన్సర్‌కూ ఇది నేర్పాలి. అమెరికాలో 2015 నుంచి ‘స్టాప్ ద బ్లీడ్’ పేరుతో మామూలు జనానికి నేర్పుతున్నది ఇదే. నేర్చుకోవడానికి ఒక పూట చాలు. ఆగిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రం వేలాడే గోడ మీద, పక్కనే టోర్నికెట్‌ల పెట్టె ఒకటి పడుతుంది.

బందోబస్తు గీత దగ్గర చల్లని మండలం మొదలవుతుంది. స్ట్రెచర్ చేతులు మారుతుంది. 108లోని ఈఎంటీ తొడ మీది పట్టీ చూసి ముందు అడిగేది పేరు కాదు, ఎప్పుడు కట్టారని. నల్ల నైలాన్ మధ్యలో తెల్ల పీలిక మీద మార్కర్‌తో రాసి ఉంటుంది: 7.42. ఆపరేషన్ థియేటర్లో సర్జన్ ఆ అంకె చూసి గోడ గడియారం వైపు తిరుగుతారు.